పామర్రు దాకా వెళ్ళి రావాలి

గుడివాడ,
20 జూన్ 1978

చిరంజీవి ఈశ్వరప్రసాద్‌కు,

అక్కయ్య దీవెనలు. నువ్వు బస్సెక్కి వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. మర్నాడు పొద్దున అలవాటుగా రెండు గ్లాసుల్లో కాఫీ కలిపి, ఒకటి పట్టుకుని నీ గది దాకా వెళ్ళి, చుట్టి పెట్టిన పరుపు చూసి వెనక్కి తిరిగాను. నాగాయలంకలో తిండి ఎలా ఉంది? ఉప్పెన బాధితులకు ఇళ్ళు కట్టే పనిలో పడి వేళకు తినడం మానేస్తావని నా బెంగ. అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయట. కాచి తాగు.

కారు సంగతి నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పక్కింటి లారీ డ్రైవరు బాలస్వామి ప్రతి ఆదివారం వచ్చి, షెడ్డులోనే ఇంజను స్టార్టు చేసి, కాసేపు తిప్పి ఆపేసి వెళ్తున్నాడు. పొగంతా వంటింట్లోకి వస్తోంది. కోప్పడబోయి ఊరుకున్నాను. ఆ వాసన రాగానే మీ బావగారు బయల్దేరుతున్నారనిపించి, చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆయన పోయి రెండేళ్ళయినా కాళ్ళకి ఆ సంగతి తెలియలేదు.

సినిమా హాలు భుజంగరావుగారు మళ్ళీ వచ్చారు. "ఆ ఎమ్.జి. కారు మాకిచ్చెయ్యండమ్మా. మీరు ఎక్కేది లేదు, తమ్ముడుగారు ఊళ్ళో లేరు. మా హాలు ముందు గాజు గదిలో పెట్టించి అద్దంలా చూసుకుంటాం" అన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బజారుకీ గుడికీ తప్ప నేను గడప దాటి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. నువ్వేమంటావు?

సౌభాగ్యం


నాగాయలంక,
29 జూన్ 1978

అక్కయ్యకు నమస్కారాలు.

భోజనం బాగానే ఉంది. మూడు పూటలా చేపలే. కాచిన నీళ్ళే తాగుతున్నాను.

ముందు బాలస్వామికి దణ్ణం పెట్టి ఆ పని ఆపించు. అతని తప్పు కాదు, నేనే సరిగ్గా చెప్పలేదు. నిలబెట్టి ఇంజను తిప్పడం అసలు తియ్యకపోవడం కంటే చెడ్డది. చల్లని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అందులో కొంత కాలకుండా ప్లగ్గులకి మసి పట్టిస్తుంది, కొంత కిందికి జారి ఇంజనాయిల్లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. పొగతో పాటు వచ్చే నీటి ఆవిరి సైలెన్సర్లోనే ఆగిపోయి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ పోగొట్టుకున్న బలం ఆ కాసేపట్లో తిరిగి రాదు. పైగా చక్రాలు కదలవు కదా. టైర్లు ఒక్కచోటే బరువు మోసి చదునైపోతాయి, బ్రేకులు పట్టుకుపోతాయి, నూనె అందక రబ్బరు సీళ్ళు ఎండి పగుల్తాయి.

ఈ కారుని పరుగు కోసమే చేశారు అక్కయ్యా. పాతికేళ్ళు పైబడింది, నిజమే. కాని వయసు దాన్ని పెట్టే ఇబ్బంది కంటే షెడ్డు పెట్టే ఇబ్బంది ఎక్కువ. వారానికొకసారి పామర్రు దాకా వెళ్ళి రావాలి. గుడివాడ దాటాక తిన్నని రోడ్డు మీద కాస్త గట్టిగా నడపాలి. ఆయిలు బాగా వేడెక్కి లోపలి చెమ్మంతా ఎగిరిపోవాలి. అప్పుడే దాని ఒళ్ళు బాగుంటుంది.

బందరులో జిలానీ గారికి రాస్తున్నాను. బావగారి రోజుల నుంచీ ఈ బండి చూస్తున్న మెకానిక్కు. ఆదివారం పాసింజర్లో వచ్చి నడిపి వెళ్తారు. కాని ఒక షరతు. పక్క సీట్లో నువ్వు కూర్చోవాలి. నిన్ను బయటికి తీసుకురావడానికి చెప్తున్నానని అనుకో, ఫరవాలేదు. అందుకే చెప్తున్నాను.

భుజంగరావుగారి గాజు గది మాట మళ్ళీ ఎత్తవద్దు.

నీ తమ్ముడు
ఈశ్వరం


గుడివాడ,
25 జులై 1978

ఈశ్వరానికి,

వెళ్ళాను. మొదటి ఆదివారం తలనొప్పి అని చెప్పి జిలానీ గారినొక్కరినే పంపించాను. రెండో ఆదివారం ఆయన కారుని గేటు ముందు ఆపి, తలుపు తెరిచి, బీడీ ముట్టించుకుని అటు తిరిగి నిలబడ్డారు. బీడీ అయిపోయేలోగా నిర్ణయించుకోమన్నట్టు. ఎక్కాను.

బజారులో తల వంచుకునే కూర్చున్నాను. ఊరు దాటాక ఆయన "టాపు దించమంటారా అమ్మా, మబ్బుగా ఉంది, ఎండ తగలదు" అన్నారు. సరేనన్నాను. ఆ కాన్వాసు వెనక్కి వెళ్ళగానే ఆకాశమంతా ఒక్కసారి ఒళ్ళోకి వచ్చి పడ్డట్టయింది.

కాలవలు వదిలారు. ఎర్రనీళ్ళు ఒడ్లొరుసుకుని పోతున్నాయి. నాట్లు పడని మడుల్లో మబ్బులు కింద కూడా ఉన్నాయి, పైనా ఉన్నాయి. మధ్యలో సన్నగా రోడ్డు, దాని మీద మనం. ఇంత కిందుగా కూర్చుంటే నీళ్ళ మీద పోతున్నట్టే ఉంటుంది, అది మరిచిపోయాను. ఆకుమళ్ళ దగ్గర ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఒకావిడ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, ఎవరో ఏమిటో.

కొంతదూరం వెళ్ళాక ఇంజను మోత మారింది. దగ్గుతున్నట్టుండేది సాఫీ అయింది. "ఇప్పుడు లేచిందమ్మా. ఇందాకటి దాకా నిద్రమొహంతో నడిచింది" అన్నారు జిలానీ గారు. పామర్రు సెంటర్లో టీ తాగాం. నేను రోడ్డు మీద నిలబడి టీ తాగడం నా పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఇల్లు చేరాక కూడా చాలాసేపు నేల కదులుతున్నట్టే ఉంది. మధ్యాన్నం నిద్రపోయాను. ఆ నిద్రలో కూడా నీళ్ళే, మబ్బులే.

షరతు పెట్టినందుకు నీ మీద కోపం లేదు.

సౌభాగ్యం


నాగాయలంక,
8 ఆగస్టు 1978

అక్కయ్యకు,

నీ ఉత్తరం మధ్యాన్నం అన్నాల వేళ వచ్చింది. సిమెంటు గోడౌను పక్కన ఆడవాళ్ళు వలలు అల్లే షెడ్డు ఒకటి ఉంది. దాని నీడన కూర్చుని మేస్త్రీలకి చదివి వినిపించాను. నీళ్ళలో మబ్బుల మాట రాగానే అందరూ తినడం ఆపారు.

ఇక్కడ అలాంటి నీళ్ళు లేవు. ఉప్పు పేరుకున్న పొలాలు ఎండలో తెల్లగా మెరుస్తాయి, దూరం నుంచి చెరువులనుకుంటాం. తాడిచెట్లన్నీ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి. నడిచే జనం ఉన్నట్టుండి ఆగి వెనక్కి చూస్తున్నట్టుంటాయి. సాయంత్రమయ్యేసరికి గాలి వస్తుంది. వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడరు. కాసేపయ్యాక అది మామూలు గాలేనని తెలుసుకుని మళ్ళీ మాట్లాడుకుంటారు.

నీ ఉత్తరం విన్న వాళ్ళలో ఒకరు తర్వాత వచ్చి అడిగారు, "టీ తాగాక ఏమైందండీ?" అని. నువ్వు రాయలేదుగా. అందుకని ఈసారి తిరుగు ప్రయాణం కూడా రాయి. దారిలో కనపడ్డవన్నీ రాయి. పిట్టల పేర్లు తెలిస్తే అవి కూడా.

బ్రేకు తొక్కినప్పుడు బండి పక్కకి లాగుతోందేమో జిలానీ గారిని అడుగు.

ఈశ్వరం


గుడివాడ,
12 సెప్టెంబరు 1978

ఈశ్వరానికి,

బండి ఎటూ లాగడం లేదు. ఈమధ్య సెల్ఫ్ ముట్టుకుంటే చాలు అందుకుంటోంది. ఇదివరకు పెట్రోలు కంపు కొట్టేది, ఇప్పుడు లేదు. నడిచేకొద్దీ నునుపు తేలుతోందని జిలానీ గారి మాట.

ఇక అసలు సంగతి. ఇప్పుడు నడిపేది నేను.

జిలానీ గారి భార్య మైమూనాకి కంటి ఆపరేషనయింది. ఆయన ప్రతి వారం రాలేనన్నారు. "ఇంకెవరి చేతికీ ఇవ్వకండమ్మా, తలా ఒక తీరున క్లచ్చు తొక్కుతారు. ఒక్క చెయ్యే అలవాటైతే బండికి మంచిది" అన్నారు. "ఎవరి చెయ్యి?" అన్నాను. నా చెయ్యి చూశారు. కవుతరం రోడ్డు మీద నేర్పారు. మొదట్లో గేరు వేసినప్పుడల్లా బండి కప్పలా ఎగిరేది. ఆయన డ్యాష్‌బోర్డు పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో చదువుకునేవారు. ఇప్పుడు కళ్ళు తెరిచే కూర్చుంటున్నారు.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. ఊళ్ళో ఏమనుకుంటున్నారో నా చెవిదాకా వచ్చింది, అది నీకెందుకు. తిరుగు ప్రయాణం రాయమన్నావుగా. పామర్రు నుంచి వచ్చేటప్పుడు సన్నగా చినుకు పడింది. వెళ్ళేటప్పుడు పచ్చగా ఉన్న చేలు వచ్చేటప్పుడు బూడిద రంగుకి మారాయి. కొంగలు ఒంటికాలి మీద తడుస్తూ నిలబడ్డాయి. కాలవ గట్టున ఒక ముసలాయన గేదెకి గోనెపట్టా కప్పి తను తడుస్తున్నాడు. ఆ తడి రోడ్డు మీద నా కారు మోత నాకే ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. మీ బావగారు పక్కనే ఉన్నట్టు అనిపిస్తుందేమో అనుకున్నాను. అనిపించలేదు. ఒక్కదాన్నే ఉన్నాను. అది బాగానే ఉంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఒకరు" అని రాశావు. మేస్త్రీ అయితే మేస్త్రీ అని రాసేవాడివి. ఎవరు?

సౌభాగ్యం


నాగాయలంక,
10 అక్టోబరు 1978

అక్కయ్యకు,

ఇది మూడుసార్లు రాసి చింపిన ఉత్తరం.

ఆమె పేరు రత్నం. వలల షెడ్డులో పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. ఉప్పెనలో భర్తా, అత్తా, రెండేళ్ళ కూతురూ పోయారు. తను తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. నాకు ఇంతవరకే తెలుసు. ఇది కూడా షెడ్డులో మిగతావాళ్ళు చెబితేనే. తను ఆ మాట ఎత్తదు. అప్పట్నుంచి తన ఊరి వైపు వెళ్ళలేదు, నాగాయలంక దాటి ఎటూ పోలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వల అల్లుతుంది. మాట్లాడ్డం తక్కువ.

నీ ఉత్తరం విన్న రోజు తనంతట తను వచ్చి అడిగింది. తర్వాత వచ్చిన ఉత్తరం ముందు తనకే చదివాను. నువ్వు బండి నేర్చుకున్న సంగతి విని నవ్వింది. ఆ నవ్వు విని పక్కనున్న ఆడవాళ్ళు అల్లడం ఆపి చూశారు. "మీ అక్కగారు గుంటలొస్తే ఏం చేస్తారండీ?" అంటుంది. "కొంగలు ఆ మోతకి లేచిపోవా?" అంటుంది. నాకు తెలియనివే అడుగుతుంది. ఇన్నేళ్ళూ ఆ కారు తిప్పిన నేను ఆ కొంగల్ని చూడనేలేదు.

పెళ్ళి చేసుకుంటావా అని అడిగాను.

"మీ అక్కగారికి తెలుసా అండీ?" అంది. తెలియదన్నాను. "మరి నన్నెందుకు అడుగుతున్నారు?" అని మళ్ళీ వల చేతిలోకి తీసుకుంది. అంతకు మించి జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే. నీకు చెప్పకుండా ఎవర్నో అడిగానని నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. తిట్టు, కాని రాయి.

ఈశ్వరం


నాగాయలంక,
3 డిసెంబరు 1978

అక్కయ్యకు,

నీ దగ్గర నుంచి ఏమీ లేదు. మధ్యలో రెండు కార్డులు రాశాను, అంది ఉంటాయి.

ఉప్పెన వచ్చి ఏడాది నిండింది. ఆ రోజు ఇక్కడ ఎవరూ పనిలోకి రాలేదు. జనం తలో దీపమూ పట్టుకుని సముద్రం వైపు నడిచారు. రత్నం వెళ్ళలేదు. షెడ్డులో కూర్చుని అల్లిన వలనే మళ్ళీ విప్పుతూ కూర్చుంది. నేను గోడౌను గుమ్మంలో కూర్చున్నాను. 

ఉత్తరాల గురించి అడగడం మానేసింది. టపా వచ్చే వేళకి తలెత్తి చూసి, నా చేతులు ఖాళీగా ఉంటే మళ్ళీ దించుకుంటుంది, అంతే.

నీ ఒప్పుదల కోసం రాయడం లేదు. నా సంగతి పక్కన పెట్టు. కారెలా ఉందో, అదైనా రాయి. పొలాలు కోతకొచ్చాయా? మంచు మొదలైందా?

ఈశ్వరం


గుడివాడ,
22 జనవరి 1979

ఈశ్వరానికి,

కారు చెడిపోయింది. దాని సంగతి అడిగావు గనక దానితోనే మొదలుపెడుతున్నాను.

నీ అక్టోబరు ఉత్తరం చదివి మడిచి దిండు కింద పెట్టి, ఆ ఆదివారం బండి తియ్యలేదు. తర్వాతి వారం వాన అనుకున్నాను. ఆ తర్వాత ఏ వంకా లేకుండానే మానేశాను. కోపమే, దాచను. మన ఇంటికి ఎవరొస్తారో, ఎవరొచ్చి కూర్చుని ఏమంటారో అన్న ఆలోచన వచ్చింది. కులం మాట కూడా మనసులోకి వచ్చింది. కాని వాటన్నిటి కంటే లోపల ఇంకోటి ఉంది. నేను నీకు మాత్రమే అనుకుని రాసుకున్న కొంగల్నీ గేదెనీ నువ్వు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశావు. చిన్నపిల్లలాంటి రోషం. ఈ వయసులో ఇలాంటిది వస్తుందనుకోలేదు.

పండగ వెళ్ళాక, మంచు దట్టంగా ఉన్న ఒక పొద్దున, ఏమనిపించిందో తాళం తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. సెల్ఫ్ లాగితే చిన్న టక్కుమన్న చప్పుడు, అంతే. మళ్ళీ లాగితే అదీ లేదు. తోయిద్దామని బాలస్వామిని పిలిస్తే వెనక చక్రం ఒకటి తిరగనే తిరగలేదు. సీటు వెనక ఎలుకలు గూడు పెట్టాయి. అక్కడే ఫుట్‌బోర్డు మీద కూర్చుని ఏడ్చాను. దేనికని అడగకు.

కబురు పెడితే జిలానీ గారు వచ్చారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేశారు. బ్రేకు లైనింగు డ్రమ్ముకి అంటుకుపోయింది. కార్బొరేటర్లలో పెట్రోలు జిగురైంది, వాసన వార్నీషులా ఉంది. బ్యాటరీ మార్చాల్సి వచ్చింది. "ఏం జబ్బండీ దీనికి?" అన్నాను. "జబ్బేం లేదమ్మా. నిలబెట్టారు, అంతే" అన్నారు.

భోజనం పెట్టి, ఎందుకు నిలబెట్టానో చెప్పాను. ఆయన మంచివాడు, మంచీ చెడూ చెప్పబోలేదు. మజ్జిగన్నం కలుపుతూ, "ఆ పిల్ల మీ ఉత్తరాలు వినేదన్నారుగా. మరి ఈ మూడు నెల్లూ ఏం విని ఉంటుందమ్మా?" అన్నారు.

అప్పుడు తెలిసింది ఈశ్వరం. నీ మీద కోపగించుకుని నేను నోరు మూయించింది నిన్ను కాదు. ఎవరూ లేని ఒక పిల్ల రోజూ ఎదురు చూసే ఒకే ఒక్క మాటని.

నిన్న బందరు దాకా నడిపాను. మొదట టైర్లు డబడబలాడాయి, ఒకచోటే నిలబడి చదునయ్యాయి కదా. పెడన దాటేసరికి వేడెక్కి గుండ్రంగా అయ్యాయి, చప్పుడు పోయింది. మంచులో ఏమీ కనపడలేదు. రోడ్డు నా ముందు కాస్త కాస్తగా తయారవుతున్నట్టుంది. కోతలైన చేలల్లో మినుము పచ్చగా తేలింది, కుప్పలు ఏనుగుల్లా మంచులోంచి వచ్చి వెనక్కి పోయాయి. పాలపిట్ట ఒకటి తీగ మీద ఉంది. మైమూనాకి చూపు వచ్చింది. నన్ను వాళ్ళ గుమ్మంలో చూసి "మీరు ఇంత తెల్లగా ఉంటారా" అంది. ఇన్నాళ్ళూ గొంతే తెలుసు ఆవిడకి.

ఇదంతా రత్నానికి చదువు. పాలపిట్ట సంగతి ముందు చదువు.

ఒక రోజు అక్కడికి వస్తాను. ఎప్పుడో చెప్పను. చెబితే నువ్వు రోడ్డు ఊడ్పించి నిలబడతావు. దారి ఎలా ఉందో రాయి.

సౌభాగ్యం


నాగాయలంక,
25 జనవరి 1979

అక్కయ్యకు,

పాలపిట్ట సంగతే ముందు చదివాను. "మళ్ళీ చదవండి" అంది. మూడోసారి చదివేసరికి వలంతా ఒళ్ళోంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని విన్నది. నీ కోపం సంగతి ఉన్న పేజీ నేను దాటెయ్యబోతే, "అదీ చదవండి, కాయితం తిప్పారుగా, చూశాను" అంది. చదివాను.  "నాకైనా అట్టాగే ఉండేదండీ" అంది.

దారి చెప్తాను. పామర్రు నుంచి చల్లపల్లి దాకా భయం లేదు. మోపిదేవి దాటాక గుంటలున్నాయి. మన బండి కిందుగా ఉంటుంది కదా, సైలెన్సర్ తగలకుండా ఒక చక్రం గుంట అంచు మీదుగా పోనీ. పులిగడ్డ అక్విడెక్టు, అదే కాలవని నది దాటించే ఆ వంతెన, ఇరుకు. ఎదురుగా బస్సొస్తే ఆగి దాన్ని పోనివ్వు. దాని మీద నుంచి చూస్తే కృష్ణ ఎంత మెల్లిగా సముద్రంలోకి పోతోందో తెలుస్తుంది, కాని నువ్వు చూడకు, రోడ్డు చూడు. అవనిగడ్డ దాటాక గాలి వాసన మారుతుంది. బయల్దేరే ముందు ఆయిలు చూసుకో. తిరిగి ఇంటికి వెళ్ళాక బండిని మంచినీళ్ళతో కడగాలి, ఉప్పు గాలికి రేకు తినేస్తుంది.

ఇంకేదో రాయాలి. చేతకావడం లేదు.

ఈశ్వరం


నాగాయలంక, నీ గదిలో,
17 ఫిబ్రవరి 1979

ఈశ్వరానికి,

నీ బల్ల మీద, నీ కలంతో రాస్తున్నాను. సిమెంటు అనుమతి కోసం బందరు వెళ్ళావట, రేపటికి గాని రావట. చెప్పకుండా వచ్చినందుకు నాకు తగిన శాస్తే. ఒక విధంగా నువ్వు లేకపోవడమే మంచిదైంది.

అక్విడెక్టు మీద కృష్ణని చూశాను. బండి ఆపే చూశాను, కంగారు పడకు.

వలల షెడ్డు ముందు ఆగేసరికి జనం మూగారు. రత్నం చేతిలో వల అల్లే కదురుతోనే బయటికి వచ్చింది. నన్ను చూడలేదు. బండి దగ్గరికి వచ్చి, ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. "ఇంత వేడిగా ఉంటదని రాయలేదండీ మీరు" అంది. అదే నాతో తను మాట్లాడిన మొదటి మాట.

"ఎక్కుతావా?" అన్నాను.

చేతిలో కదురు నడుముకి దోపుకుంది. తర్వాత, "సముద్రం కాడికి తీసుకెళ్తారా అండీ?" అంది. షెడ్డులో ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

దారి పొడుగునా అటూ ఇటూ చూస్తూ కూర్చుంది. తాడిచెట్లు ఒరిగి ఉంటాయని రాశావు, వాటి మొవ్వులు మళ్ళీ నిటారుగా పైకి లేస్తున్నాయి, నువ్వు చూశావా? తారు రోడ్డు అయిపోయిన చోట ఆపి నడిచాం. వాళ్ళ ఊరు ఉన్నచోట అరుగులు మిగిలాయి, గోడలు లేవు. మడ మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. కొత్త పడవలు రెండు ఇసక మీద ఆరుతున్నాయి. సముద్రం నిద్రపోతున్నట్టుంది. అంత మెత్తని నీళ్ళు అంతపని చేశాయంటే ఎవరూ నమ్మరు.

ఒక అరుగు దగ్గర ఆగింది. "ఇదేనండీ" అంది. పిల్ల పేరు నాంచారి అట. ఆ పేరు ఒక్కసారి పిలిచింది. గట్టిగా కాదు, పక్క గదిలో ఉన్న పిల్లని పిలిచినట్టు. నేను దూరంగా ఉందామనుకున్నాను గాని నా కాళ్ళు ఆమె పక్కకే నడిచాయి. అరుగు మీద కూర్చున్నాం. చాలాసేపటికి ఏడ్చింది. ఇప్పటిదాకా ఏడవలేదట. నేనూ మీ బావగారి కోసం ఏడ్చాను. ఒకరినొకరం ఓదార్చుకోలేదు, కూర్చున్నాం, అంతే. గాలి వచ్చింది. తను తలెత్తి దాన్ని చూసింది, అది కనపడేదైనట్టు.

"ఈడే ఉంటదండీ అది. నేనెటు పోయినా ఈడే ఉంటది. నేను పోతే దాన్నొదిలేసి పోయినట్టవుద్దని ఇన్నాళ్ళూ..." అని ఆపేసింది. తర్వాత లేచి వెళ్ళి సముద్రం నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చింది.

అప్పుడు అడిగాను. మా ఇంట్లో ఏ గది నుంచి ఏ గదికైనా నడవచ్చని, నా వంటింట్లో కూడా ఎవరి అనుమతీ అక్కర్లేదని ముందే చెప్పి, నువ్వు అడిగిన ప్రశ్నే నేను అడిగాను. వచ్చేవాళ్ళు వస్తారు, మానేవాళ్ళు మానతారు. భుజంగరావుగారు మాత్రం తప్పకుండా వస్తారు, కారు కోసమైనా.

జవాబు చెప్పింది. అది నేను రాయను. ఆమె నోటితోనే వినాలి నువ్వు.

అందుకని రత్నాన్ని నాతో గుడివాడ తీసుకెళ్తున్నాను. షెడ్డులో చెప్పి వచ్చింది, రెండు చీరలు మూట కట్టుకుంది. నువ్వు రేపు వచ్చి ఇది చదివి, పని ఎవరికైనా అప్పగించి, బస్సులో రా. మర్నాడు మధ్యాన్నం భోజనానికి నీకోసం చూస్తాం. బండి కడిగే పని నీకోసం ఉంచుతాను. ఉప్పు గాలి బాగా తగిలింది.

ఇంకా రాద్దామనుకున్నాను గాని బయట హారను మోగుతోంది. అది ఎక్కడుందో ఇందాక నేనే చూపించాను. పొద్దు వాలకముందే పులిగడ్డ దాటాలి.

అక్కయ్య